అవధానము – అప్రస్తుత ప్రసంగము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



తెలుగునాట మిక్కిలి వర్ధిల్లిన విద్యలలో అవధాన మొకటి. అవధానమనగా మనస్సును ఒకచోట నిలుపుట. దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) గార్లు తిరుపతి వేంకట కవులను పేర జంటగా సంచరించి, ఈ విద్యను సామాన్యజనులకు సైతము ప్రీతిపాత్రము గావించిరి.

అష్టావధానమునందు పృచ్ఛకులు ఎనమండుగురు. ఒకరు సమస్య నిత్తురు; ఒకరు దత్తపది నిత్తురు; ఒకరు అక్షరములను నిషేధించుచుందురు; ఒకరు నడుమనడుమ గంటలు కొట్టుచుందురు, ఆ లెక్క తప్పరాదు. వీరిలో అప్రస్తుత ప్రసంగి యను నొక చమత్కారి గలడు. అవధాని యేకాగ్రతను చెడగొట్టుటయే యాతని పని. పద్యపాదము నాలుక చివర నున్న వేళ, “అయ్యా, నేడు తమ యింట కూర యేమి?” అని యడుగును. అవధాని తగిన బదులు చెప్పి, సభను నవ్వించి, విడిచిన పాదమును విడిచినచోటనే యందుకొనును. తుదకు పద్యములన్నిటిని ధారణ చేసి యొప్పగించును.

నేడు ప్రతి యింటను ఒక అప్రస్తుత ప్రసంగి వెలసినాడు. అదియే సెల్‌ఫోను. సభలోని ప్రసంగి యొక్కడు. అతనికొక వేళయు మర్యాదయు గలవు. ఈ ప్రసంగికి పగలు లేదు, రేయి లేదు. మఱియొక భేదము ముఖ్యమైనది. అవధాని యేండ్లతరబడి సాధన చేసిన పిమ్మటనే ఆ పీఠమెక్కును. పదవ తరగతి బాలుడు ఏ సాధనయు లేకయే ఆ పీఠముపై కూర్చుండబెట్టబడినాడు. లెక్క తప్పినదని వానినే నిందించుట న్యాయము కాదు.

ఈ విషయమును శాస్త్రజ్ఞులును పరిశీలించిరి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు గ్లోరియా మార్క్ లెక్కించిన ప్రకారము, 2004 ప్రాంతమున మనుష్యుడు తెరపై నొక విషయమును సగటున రెండున్నర నిమిషములు చూచెడివాడు. ఇటీవలి సంవత్సరములలో అది 47 సెకండ్లకు దిగినది. ఒక పని నడుమ విడిచి వేఱొక పనికి పోయినచో, మొదటి పని తాలూకు తలపు కొంత మనస్సున మిగిలిపోవునని సోఫీ లెరాయ్ అను నామె 2009లో నిరూపించినది. భాగహారమున మిగిలిన శేషమువంటి దిది. పదిమారులు పని మార్చినవానికి పది శేషములు పోగగును; లబ్ధము మాత్రము కనబడదు.

దీనివలన నష్టమెంత? ఒక గుమాస్తా అడంగలులో 1 ఎకరము 20 సెంట్లు అని యెక్కింపబోవుచుండగా ఫోను మ్రోగినదని తలంపుడు. మాటలాడుచునే 1.20కి మారు 1.02 అని వ్రాసినాడు. ఆ క్షణమున 18 సెంట్ల భూమి కాగితముపై మాయమైనది. ఏ బ్యాంకు అప్పునకో, అన్నదమ్ముల పంపకమునకో పోయిన నాడుగాని రైతునకు సంగతి తెలియదు. పిమ్మట దానిని దిద్దించుటకు చెప్పులరుగునట్లు తిరుగవలెను. మ్రోగినది అరనిమిషము, తిరిగినది ఏండ్లు.

అట్లని యంత్రమును దూషించుట తగదు. నిఘంటువులు, భాగవత భారతములు, పంట ధరలు, దూరదేశమందున్న బిడ్డ ముఖము – ఇవన్నియు దానియందే లభించుచున్నవి. మనము పిలిచినపుడు వచ్చు ఫోను సేవకుడు. పిలువకయే వచ్చి కొంగు లాగునది అప్రస్తుత ప్రసంగి. దానిలోని పెక్కు వినోదములు ప్రకటనల రాబడిపై బ్రదుకుచున్నవి. చూపరి యెంతసేపు చూచిన అంత లాభము. కనుకనే అంతులేని బొమ్మల వరుస. కనుకనే మాటిమాటికి గంట.

ఇందుకు ఉపాయములు సులభములు. మొదటిది: చదువు వేళ ఫోనును వేఱొక గదిలో నుంచుట. 2017లో టెక్సాస్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు ప్రకటించిన పరీక్షలలో, శబ్దము కట్టి బల్లపై నుంచుకొన్నవారి కంటె వేఱొక గదిలో నుంచినవారు జ్ఞాపకశక్తి పరీక్షలందు మెఱుగుగా నుండిరి. తరువాతి పరీక్షలన్నిటను ఇంత స్పష్టముగా తేలకున్నను, కాసు ఖర్చులేని పని గనుక చేసి చూడదగును. రెండవది: ఒకే పనిని 25 నిమిషములు చేసి, అయిదు నిమిషములు విశ్రమించుట. ఫ్రాంచెస్కో సిరిల్లో అను ఇటలీ దేశీయుడు విద్యార్థి దశలో టమాటా ఆకారపు వంటింటి గడియారము నెదుట బెట్టుకొని చదివి, ఈ పద్ధతిని ప్రచారము చేసినాడు. మూడవది: తప్పనిసరిగా లేవవలసివచ్చినపుడు, ఎక్కడ ఆగినది, తరువాత చేయవలసినదేమి, ఒక చీటిపై వ్రాసి లేచుట. విడిచినచోటు తెలిసినవాడే మరల అందుకొనగలడు. అవధాని నేర్పును ఇదియే.

నాలుగవది పెద్దలది. తండ్రి విస్తరి ముందు ఫోను చూచుచు, కుమారుని పుస్తకము చూడుమనిన వాడు వినడు. పిల్లలు చెప్పినది చేయరు, చూచినది చేయుదురు.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఊరికి పుస్తకములను మాత్రమే ఈయలేదు. కలతలేని ఒక గంటను గూడ ఇచ్చినది. ఇక్కడి బల్లవద్ద ఎవరును ఎవరిని కదలింపరు. పుస్తకములు నేడు ఇంటను దొరకవచ్చును. ఆ గంట దొరకుట దుర్లభము. కావున కార్యవర్గమువారు వాకిట నొక బుట్ట యుంచవలెను. లోనికి వచ్చువారు, పిన్నలు పెద్దలు, చెప్పులు విడిచినట్లే ఫోనులను అందుంచి రావలెను. పరీక్షలు సమీపించుచున్నవి గనుక రేపటి సాయంకాలముననే ప్రారంభించుట మేలు. మొదటి ఫోను ఆ బుట్టలో పడవలసినది పిల్లలది కాదు, పెద్దలది.