గేరు లేని బండిలో క్లచ్ ఎక్కడుంది?
(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

చదువు గొప్పదనం గురించి నా ముందు మాట్లాడినవారు చెప్పారు. నేను బయట నిలబెట్టిన స్కూటర్ల గురించి చెబుతాను.

గేరు లేని స్కూటరుకు ఎడమచేతి దగ్గర క్లచ్ ఉండదు. అది వెనక చక్రం పక్కన దాక్కుని ఉంది. ఇంజను బెల్టును, బెల్టు వెనక పుల్లీని తిప్పుతాయి. పుల్లీతో పాటు క్లచ్ షూలు తిరుగుతాయి. వాటి చుట్టూ గిన్నెలాంటి డ్రమ్ము ఉంటుంది. చక్రానికి సంబంధం ఆ డ్రమ్ముతోనే. ఇంజను నెమ్మదిగా ఉన్నంతసేపూ స్ప్రింగులు షూలను లోపలికి లాగి పట్టుకుంటాయి. అందుకే సిగ్నలు దగ్గర బండి ఆగినా ఇంజను ఆగదు. యాక్సిలరేటరు తిప్పగానే అపకేంద్ర బలం షూలను బయటికి విసురుతుంది, అవి డ్రమ్మును పట్టుకుంటాయి. వేగం రెట్టింపయితే ఆ బలం నాలుగింతలు. ఇంటర్ పిల్లలు ఈ లెక్క చేసే ఉంటారు.

ముందు పుల్లీలోనూ ఇదే సూత్రం. వేగం పెరిగితే లోపలి రోలర్లు బయటికి జరిగి పుల్లీ చెక్కలను దగ్గరకు నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. వెనక పుల్లీలో ఆ మేరకు కిందికి దిగుతుంది. గేరు మారడమంటే ఇదే. 1958లో హాలండు డాఫ్ కంపెనీ ఈ ఏర్పాటుతో కారే తెచ్చింది. అది ముందుకు ఎంత వేగంగా పోయేదో వెనక్కీ అంత వేగంగా పోగలిగేదట! తోటల్లో, ఫ్యాక్టరీల్లో బరువులు మోసే చిన్న యుటిలిటీ బండ్లలో చాలావాటికి ఇప్పటికీ బెల్టే ఆధారం. కొన్నింటిలో క్లచ్ బెల్టుకు ముందే ఉంటుంది.

తల్లిదండ్రులు ఇది కాస్త శ్రద్ధగా వినాలి. స్కూటరు మీద పల్లం దిగేటప్పుడు వేగం బాగా తగ్గితే షూలు డ్రమ్మును వదిలేస్తాయి. ఇంజను పట్టు పోతుంది, బండి దొర్లిపోతుంది, భారమంతా బ్రేకుల మీదే. కొద్దిగా యాక్సిలరేటరు ఇస్తే షూలు మళ్ళీ పట్టుకుంటాయి. పెట్రోలు ఆదా అని ఇంజను ఆపేసి దిగేవారికి ఆ పట్టు కూడా ఉండదు. ఎత్తు మీద ఆగినప్పుడు బ్రేకు వేయండి. మా వర్క్‌షాపుకు ఒక కుర్రవాడు తెచ్చిన బండిలో షూలు అద్దంలా నున్నబడి, కాలిన వాసన వేశాయి. వంతెన ఎక్కేచోట రోజూ యాక్సిలరేటరుతోనే బండిని నిలబెట్టేవాడట.

స్పానర్లు తెచ్చాను. భోజనాలయ్యాక ఒక బండి పక్క మూత విప్పి చూపిస్తాను. ఎవరి బండి ఇస్తారో మీరే తేల్చుకోండి.