కామెర్లు – ఐదు వైరసులు

సూర్యాపేటలో కాని, కోదాడలో కాని, మిర్యాలగూడలో కాని ఒకరికి కండ్లు పచ్చబడినవనగానే ఇరుగుపొరుగువారు అడుగు మొదటి ప్రశ్న "పసరు పోయించినారా?" అనియే. నేల ఉసిరి నూరి మజ్జిగలో కలిపి యిచ్చువారు కలరు. మణికట్టుమీద వాత పెట్టువారును కలరు. పది పదునైదు దినములలో పెక్కుమందికి ఆకలి పుట్టును, కండ్లు తెల్లబడును. పసరిచ్చిన వానికి కీర్తి వచ్చును. మరియొక యింట అదే పసరు త్రాగిన మనిషికి ఏండ్లు గడచిన పిమ్మట కడుపున నీరు దిగును. అప్పుడు పథ్యము చెడినదని రోగినే నిందింతురు. రెండిండ్లలోను వచ్చినవి కామెర్లే. వ్యాధి మాత్రము ఒకటి కాదు.

కామెర్లనునది గుర్తేకాని రోగము పేరు కాదు. కాలేయము చెడినప్పుడు బయటికి పోవలసిన పసుపు వన్నె నెత్తురులో నిలిచిపోయి కండ్లలో కనబడును. దానికి కారణములు పెక్కు కలవు. వానిలో ఐదు వైరసులు ముఖ్యములు. వైద్యులు వానికి ఏ, బి, సి, డి, ఇ అని అక్షరములనే పేర్లుగా పెట్టినారు. ఏ, ఇ అనునవి నీటి వెంట, ఆహారము వెంట నోటిలోనికి పోవును. బి, సి, డి నెత్తురు వెంట పోవును. బి వైరసు దాంపత్యమువలనను, ప్రసవసమయమున తల్లి నుండి బిడ్డకును సంక్రమించును. డి వైరసునకు సొంత అంగరఖా లేదు. బి వైరసు తొడుగును అరువు తెచ్చికొననిదే అది మరియొక కణమున ప్రవేశింపజాలదు.

నేల ఉసిరిని మేము పరిహసించుట లేదు. బి వైరసు జాడను మొదట పట్టిన అమెరికా శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లూంబర్గ్ ఆ మొక్కను ఆదరముతోనే పరీక్షించినాడు. ఆయన ఒక ఆస్ట్రేలియా ఆదిమవాసి నెత్తురులో క్రొత్త ప్రోటీనును కనుగొని 1965లో ప్రకటించెను. అది బి వైరసు పైతొడుగని తరువాత తేలినది. 1976లో ఆయనకు నోబెల్ బహుమానము వచ్చినది. 1988లో మద్రాసు పరిశోధకులతో కలిసి ఆయన ప్రకటించిన వ్యాసములో నేల ఉసిరి తిన్నవారిలో సగముకంటె ఎక్కువమంది నెత్తురు నుండి ఆ ప్రోటీను తొలగినదని యున్నది. పిదప ఇతరులు చేసిన పరీక్షలలో ఆ ఫలితము నిలువలేదు. ఆ సంగతి మన పసరు వైద్యులకు చేరినట్లు లేదు.

ఈ వైరసుల జన్యుపదార్థమును తాటాకు గ్రంథముతో పోల్చవచ్చును. వైరసు మన కణములోనికి పోయి తన గ్రంథమునకు వేలకొలది ప్రతులు వ్రాయించును. మన కణములు తమ సొంత గ్రంథమును వ్రాసినప్పుడు వ్రాసినదానిని తిరిగి చూచి తప్పులు దిద్దుకొనును. ఈ వైరసుల వ్రాయసగానికి తిరిగి చూచు అలవాటు లేదు. కావున ప్రతులలో అక్కడక్కడ అక్షరములు తారుమారగుచుండును. ఒక రోగి నెత్తురులో ఉన్నది ఒక్క వైరసు కాదు. ఇంచుక భేదముగల దాయాదుల గుంపు. తరములు గడచి భేదములు బాగుగ పెరిగినప్పుడు వానిని జన్యురూపములని వేరువేరు సంఖ్యలతోను, అక్షరములతోను పిలుతురు.

అయితే అందరి తప్పులకును ఒకే ఫలితముండదు. ఇ వైరసును చూడుడు. మనుష్యులకు సోకు దాని రూపములలో ముఖ్యమైనవి నాలుగు. మొదటి రెండును మనుష్యులలోనే యుండి మురుగు కలిసిన నీటి ద్వారా వ్యాపించును. మూడు, నాలుగు రూపములు పందులలో నివసించి, సరిగా ఉడుకని మాంసము ద్వారా మనుష్యునకు వచ్చును. ఐరోపాలో మూడవ రూపమే ఎక్కువ. మన దేశమున రోగులలో కనబడునది మొదటిది. ఇక్కడి పందులలో కనబడినది నాల్గవది. కావున మన పట్టణపు వీధులలో తిరుగు పందిని నిందించుట సులభమే కాని, ఈ రోగము విషయమున ఆ జంతువు నిర్దోషి. అపరాధి మంచినీటి గొట్టమును ఆనుకొని పోవు మురుగుకాలువ.

1955 డిసెంబరులోను 1956 జనవరిలోను యమునలో మురుగు కలిసి ఢిల్లీలో ఇరువదితొమ్మిది వేలమందికి కామెర్లు వచ్చినవి. నాడు దానికి పేరు తెలియదు. దాచియుంచిన నెత్తురును 1980లో పరీక్షించి, అది ఏ కాదు, బి కాదు అని తేల్చినారు. మన రాజధానిలోనే, 2005లో, హైదరాబాదు పాతబస్తీ ప్రాంతమున ఇదే వైరసు 1,600 మందికి పైగా సోకినది. మురుగుకాలువలను దాటి పోవు నీటిగొట్టముల క్రిందనున్న పేటలలోనే రోగులు ఎక్కువ. నీరు రోజుకొక గంట వదలి కట్టివేయుచోట గొట్టము ఖాళీపడును. అప్పుడు పగులు గుండ బయటి మురుగు లోనికి పీల్చబడును. మరునాడు మొదట వచ్చు బిందెలోని నీరు అదియే. ఆ హైదరాబాదు మురుగును మోసికొని మూసీ సూర్యాపేట ప్రక్కగా దిగి, మిర్యాలగూడకు దాపున వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. ఈ ప్రాంతపు జనులకు నీటిలోని ఫ్లోరైడు గూర్చి తెలిసినంతగా ఈ వైరసును గూర్చి తెలియదు. గర్భవతులకు, అందును ఏడవ మాసము దాటినవారికి, ఈ మొదటి రూపము ప్రాణాంతకము. నూటికి ఇరువదిమంది వరకు మరణించిన సందర్భములు కలవు. కామెర్లు వచ్చిన గర్భిణిని పసరు కొరకు ఊరూర త్రిప్పుట కూడదు.

బి వైరసు సంగతి వేరు. దాని గ్రంథము మిక్కిలి చిన్నది, సుమారు 3,200 అక్షరములు. ఆ కొద్దిచోటులోనే ఒకే అక్షరపంక్తిని రెండు విధముల చదివి రెండు ప్రోటీనులను చేయును. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒక్క పద్యములోనే రామకథయు భారతకథయు నడచును గదా! అట్టి పద్యమున ఒక అక్షరము మార్చిన రెండు కథలును చెడును. అందుచే బి వైరసు తోచినట్లు మారజాలదు. టీకా నిలిచియుండుటకు ఇది యొక కారణము. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ సంస్థ జన్యుసాంకేతిక విధానమున ఈ టీకాను తయారుచేసి 1997లో విడుదల చేసినది. భారతదేశమున తయారైన అట్టి టీకాలలో అది మొదటిది; విదేశపు టీకాను కొనలేని సామాన్యునకు ధర అందుబాటులోనికి వచ్చినది.

మారినంతవరకు ఆ మార్పులు వ్యాప్తిని ఎట్లు మలచునో చూతము. తూర్పు ఆసియాలో ప్రబలిన సి అను జన్యురూపము సోకిన స్త్రీల నెత్తురులో వైరసు పెక్కేండ్లు, కానుపు వయసంతయు, ఉధృతముగా నుండును; అందుచే అచట తల్లి నుండి బిడ్డకు సోకుటయే ప్రధాన మార్గము. మన దేశమున ఎక్కువగా నున్నవి ఏ, డి రూపములు. వానిలో ఆ ఉధృతి ముందుగనే తగ్గును. పసితనమున ఇంటిలోని వారి నుండి సోకుట కూడ ఇచట ముఖ్యమే. సూదులు, క్షౌరపు కత్తులు సరేసరి; ఎండిన నెత్తురులో సయితము ఈ వైరసు వారము దినములు బ్రతుకును. 2009లో గుజరాతులోని మొడాసా ప్రాంతమున శుద్ధిచేయని సూదులను తిరిగి వాడుటచే ఈ రోగము వందలమందికి వ్యాపించి పలువురు మరణించిరి. ఆ రోగులలోని వైరసును పరిశీలింపగా జన్యువులో కొన్ని ప్రత్యేకమైన మార్పులు కనబడినవి. మార్పు వైరసుది, దానిని ఇంటింటికి మోసినది సూది. కోదాడ రహదారి ప్రక్కనైనను, పల్లెలోనైనను, జ్వరమునకు సూది వేయించుకొననిదే తృప్తిలేని మనవారు ఆ సూది పొట్లము తమ కండ్లయెదుట విప్పినారా లేదా అని అడుగుట మేము అరుదుగా చూచినాము.

సి వైరసునకు టీకా లేదు. దాని పైతొడుగులో ఒక భాగము ఎంత వేగముగా మారుననగా, మన దేహము ఒక రూపమునకు ఆయుధము సిద్ధపరచునప్పటికి అది మరియొక రూపము దాల్చియుండును. అందుచే నూటికి డెబ్బదిమందిలో అది స్థిరనివాస మేర్పరచుకొని, లక్షణము లేకయే ఇతరులకు చేరుచుండును. అయినను 2015 నుండి మన దేశమున తయారగుచున్న మాత్రలతో మూడు నెలలలో నూటికి తొంబదిమందికి పైగా నయమగుచున్నది. నయమైనవానికి మరల సోకకూడదను నియమము లేదు.

మేమెరిగిన యొక కుటుంబము కలదు. ఆడపడుచు మిర్యాలగూడలో కాపురమున్నది. తల్లి కోదాడలో, అన్న సూర్యాపేటలో నున్నారు. ఆడపడుచు గర్భవతియై పరీక్ష చేయించుకొనగా బి వైరసు ఉన్నదని తేలినది. "మా యింట ఎవరికిని కామెర్లు రాలేదే!" అని అత్తవారు కోపగించిరి. వైద్యుని మాటపై తల్లి నెత్తురును, అన్న నెత్తురును పరీక్షింపగా వారిలోను అదే యున్నది. కామెర్లు ఆ ముగ్గురిలో ఒక్కరికిని ఎన్నడును రాలేదు. పసితనమున సోకిన వైరసు నూటికి తొంబదిమందిలో జీవితాంతము నిలుచును. పెద్దవయసున సోకినవారిలో అట్లు నిలుచునది నూటికి అయిదుగురిలో మాత్రమే. ఆమెకు గర్భముననే మందు మొదలిడిరి. బిడ్డ పుట్టిన పండ్రెండు గంటలలోపల ఒక తొడకు టీకా, మరియొక తొడకు రక్షకద్రవ్యము ఇచ్చినారు. ఆరు, పది, పదునాలుగు వారములకు తక్కిన టీకాలు ముగిసినవి. తల్లిపాలు మాన్పింపవలసిన పనిలేదని వైద్యుడు చెప్పినప్పుడు అత్తగారు మొదట నమ్మలేదట. ఇప్పుడు ఆమెయే ఇరుగుపొరుగు కోడండ్రకు ఆ మాట చెప్పుచున్నది.

బిడ్డ నెత్తురును తొమ్మిది నెలలు నిండిన పిమ్మట పరీక్షింపవలెను. ఆ యింట గోడమీది కాలెండరులో ఆ తేదీ చుట్టు ఎర్రసిరాతో సున్న చుట్టియున్నది. మేము పోయినప్పటికి దానికి ఇంకను పదునెనిమిది దినములున్నవి.