హిస్టరీ డిలీట్ చేశాక...

ఈరోజు గేహజీ గురించి మాట్లాడుకుందాం. 2 రాజులు 5వ అధ్యాయం, వీలైతే తర్వాత మొత్తం చదవండి.

సిరియా సైన్యాధిపతి నయమాను యొర్దానులో ఏడుసార్లు మునిగి కుష్ఠు నుండి బాగయ్యాడు. కానుకలు తెస్తే ఎలీషా ఒక్కటీ ముట్టలేదు. ఆయన పనివాడు గేహజీ మాత్రం రథం వెనకాల పరుగెత్తాడు. ఎవరో ఇద్దరు యౌవనులు వచ్చారు, వాళ్ల కోసం మా అయ్యగారు అడిగారు అని కథ అల్లాడు. అడిగిన వెండికి రెట్టింపు వచ్చింది! ఇంట్లో దాచేసి, ఏమీ జరగనట్టు ఎలీషా ముందు నిలబడ్డాడు.

ఎక్కడి నుండి వస్తున్నావు అని అడిగితే, ఎక్కడికీ వెళ్లలేదన్నాడు.

నేను ఇంటర్‌లో ఉన్నప్పుడు "ఫోన్‌లో ఏం చూస్తున్నావురా?" అని అమ్మ అడిగింది. "ఏం లేదమ్మా" అన్నాను, హిస్టరీ డిలీట్ చేసి మరీ. అమ్మ నమ్మేసింది. ఆ రాత్రి ప్రార్థనకు మోకరిస్తే ఒక్క మాట రాలేదు. (అప్పటికి నేను చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను, అది వేరే సంగతి.)

ఎలీషాకు ముందే తెలుసు. మరి ఎందుకు అడిగాడు? ఏదెనులో దేవుడు ఆదామును అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే. తెలియక కాదు కదా! ఒప్పుకోవడానికి ఒక అవకాశం ఇచ్చారని నాకనిపిస్తుంది. గేహజీ దాన్ని పోగొట్టుకున్నాడు. నయమాను కుష్ఠు అతనికి అంటుకుంది.

అన్నీ చూసే దేవుడంటే మనకు భయం. అరణ్యంలో నీటి ఊట దగ్గర ఒంటరిగా ఉన్న హాగరుకు మాత్రం అదే ఓదార్పు అయ్యింది.

మరుసటి రోజు అమ్మకు చెప్పేశాను. బాగా తిట్టింది. తర్వాత అన్నం పెట్టింది. ఆ రాత్రి ప్రార్థన మళ్లీ మొదలైంది.