ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి సాయం కోరి వచ్చేవారిలో పిత్తనాళ క్యాన్సర్ రోగులు కొద్దిమందే. కాలేయం నుంచి పైత్యరసాన్ని పేగుకు చేర్చే సన్నని గొట్టం పిత్తనాళం. అక్కడ గడ్డ అడ్డం పడితే కళ్లు పచ్చబడతాయి, ఒళ్లంతా దురద. మామూలు కామెర్లే అనుకొని పసరు తాగుతూ వారాలు గడిపేస్తారు. అందుకే ఆపరేషన్‌కు వీలున్న దశలో బయటపడేది కొందరికే.

ఆపరేషన్ అయితే గండం గడిచిందని మేమూ అనుకునేవాళ్లం. కోసి తీసిన భాగం అంచుల్లోనో, పక్కనున్న లింఫ్ గ్రంథుల్లోనో క్యాన్సర్ కణాలు కనిపిస్తే, కీమోతో పాటు రేడియేషన్ కూడా అవసరమని డాక్టర్లు చెప్పవచ్చు. మనవాళ్లు దాన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. అది కరెంటు కాదు, బాగా శక్తిగల ఎక్స్‌రే కిరణాలు. నొప్పి ఉండదు, రోజుకు కొన్ని నిమిషాలే. కానీ వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు వెళ్లాలి. నీరసం, వికారం ఉంటాయి. మధ్యలో మానేస్తే మిగిలిన కణాలు మళ్లీ పెరగవచ్చు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ గారి పేరిట 1955 నుంచి ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షల రూపాయలకు పెరిగింది. అంటే చికిత్సకు దారి ఉంది. ఆ ఆరు వారాలు ఊరుగాని ఊళ్లో ఉండటానికే దారి లేదు. జగిత్యాల నుంచి రోజూ దాదాపు 190 కిలోమీటర్లు వెళ్లి రావడం ఆ ఒంటితో అయ్యే పని కాదు. సాంచా నడిపే మనిషి మంచాన పడితే కూలి పోతుంది. బీడీలు చుట్టే భార్య తోడు వెళ్తే ఆమె కూలీ పోతుంది.

రెండేళ్ల కిందట మేం ఆపరేషన్‌కు సాయం చేసిన సిరిసిల్ల కార్మికుడొకాయన పదకొండో రోజే రేడియేషన్ మానేసి ఇంటికొచ్చేశారు. గది అద్దెకు డబ్బుల్లేక. ఆపరేషన్ తర్వాత ఆయన్ని ఎలా ఉన్నావని మేం అడగలేదు. తప్పు మాదే.

అందుకే ఈ ఏడు మీ ముందుకు ఒకే మాటతో వచ్చాం. ఒక రోగి, ఒక తోడు, ఆరు వారాలు: గది అద్దె, రెండు పూటల భోజనం, బస్సు ఛార్జీలు. జకాత్‌కు అర్హులైన వారికి జకాత్ నుంచి, మిగతావారికి సదఖా నుంచి ఇస్తాం. రోగిది ఏ మతమని అడగం. చివరి రోజు దాకా మనలో ఒకరు ఫోన్ చేసి యోగక్షేమాలు కనుక్కుంటారు.

అల్లాహ్ రోగులకు స్వస్థతనూ, మీ సంపాదనలో బర్కత్‌నూ ప్రసాదించుగాక. ఆమీన్.