మాటలతో కట్టిన లోకము: ఆటగాని మర్యాద

ఆట యనగానే మనకు మైదానమో, బంతియో, చదరంగపు బల్లయో జ్ఞప్తికి వచ్చును. ఇప్పుడు మేము ముచ్చటింపనున్న ఆటలో ఇవేవియు లేవు. కంప్యూటరు తెరమీద కొన్ని వాక్యములు మాత్రము కన్పించును. నీవు పాడుపడిన కోట వాకిట నిలిచియున్నావు, ఉత్తరమున సన్నని దారి కలదు, అని తెర చెప్పును. 'ఉత్తరము' అని ఆటగాడు టైపు చేయును. వెంటనే కోటలోపలి వర్ణన ప్రత్యక్షమగును. అదే సమయమున వేరొక దేశమునందు కూర్చున్న మరియొక ఆటగాడు అదే గదిలోనికి వచ్చును. ఒకడు రాజకుమారుడుగా, ఇంకొకడు గజదొంగగా మాటలాడుకొందురు, పోరాడుదురు, చెలిమి చేయుదురు. ఒకరి ముఖ మొకరు చూడరు. సమస్తమును అక్షరములతోడనే జరుగును. కంఠస్వరముతోను, కొలది చప్పుళ్లతోను అడవులను, అంతఃపురములను కల్పించు రేడియో నాటకమునకు అలవాటుపడిన శ్రోతలకు ఇందు నమ్మరానిది లేదు.

ఈ జాతి ఆటలకు మూలమైనది 1978లో ఇంగ్లాండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయమున పుట్టినది. రాయ్ ట్రబ్‌షా అను విద్యార్థి దాని నారంభింపగా, రిచర్డ్ బార్టిల్ అను మరియొక విద్యార్థి దానిని పెంచి పూర్తిచేసెను. 'మల్టీ యూజర్ డంజన్' అని దాని పేరు. పొడి అక్షరములలో 'మడ్'. ఆ పేరే తరువాత జాతికంతకును వాడుకయైనది. 1989లో అమెరికాయందలి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 'టైనీమడ్', 1991లో డెన్మార్కునందలి కోపెన్‌హేగన్ విశ్వవిద్యాలయమున 'డీకూమడ్' వెలువడినవి. మొదటి దానియందు ముచ్చటలకును, కట్టడములకును ప్రాధాన్యము. రెండవ దానియందు సాహసములకును, పోరాటములకును ప్రాధాన్యము. బొమ్మల ఆటలు వచ్చిన పిమ్మటను ఈ అక్షరముల ఆటలు నశింపలేదు. తెరమీది వ్రాతను చదివి వినిపించు సాధనముల సాయమున అంధులును తక్కినవారితో సమముగా ఆడగలుగుట వీని విశేషములలో ఒకటి.

ఆటకు కంప్యూటరే కాపలా యుండగా వేరుగా నియమావళి యెందుకని కొందరడుగవచ్చును. తాళము వేసిన తలుపును యంత్రము తెరువనీయదు. లేని ధనమును ఖర్చు పెట్టనీయదు. కాని ఒకని నొకడు అవమానించుటను, మోసగించుటను, వెంటబడి వేధించుటను అది కనిపెట్టలేదు. యంత్రము అడ్డగింపని కార్యమెల్ల న్యాయమైనది కాదు. కురుక్షేత్రమున యుద్ధారంభమునకు ముందు ఉభయపక్షములును సమయములు చేసికొన్నవి. రథికుడు రథికునితోడనే పోరవలెననియు, వెన్నిచ్చి పోవువానిని కొట్టరాదనియు ఒప్పుకొన్నారు. భీముడు గదతో దుర్యోధనుని తొడలు విరుగగొట్టినపుడు బలరాముడు నాగలియెత్తి మీదికురికెను. భీముని బలము అందుకు చాలును. నియమము మాత్రము ఒప్పుకొనదు. ప్రాణములు తీయు యుద్ధమునకే నియమములు కావలసివచ్చినపుడు, వినోదమునకై కూడిన ఆటకు అవి యక్కరలేదనుట పొసగదు.

ఈ ఆటల నియమావళులు ఒక్కొక్క చోట ఒక్కొక్క తీరున నుండును. ఐనను కొన్ని సూత్రములు ఇంచుమించు అంతటను కన్పించును. మొదటిది, పాత్ర వేరు, మనిషి వేరు. దొంగ పాత్ర ధరించినవాడు తోడి పాత్రపై కత్తి దూయవచ్చును. ఆ పాత్రను నడపు మనిషిని తిట్టరాదు. మన రంగస్థలముపై పద్యములు పాడి కలహించిన కృష్ణుడును, దుర్యోధనుడును తెర వెనుక ఒక్క బల్లమీద కూర్చుండి కాఫీ త్రాగుట లేదా! అట్లే పాత్ర వెనుకనున్న మనిషి పేరును, ఊరును, ఉద్యోగమును బయటపెట్టుట పెద్ద తప్పుగా ఎంచబడును.

రెండవది తెలివికి సంబంధించినది. విరాటుని కొలువులో నున్న కంకుభట్టు ధర్మరాజేయని విరాట పాత్రధారికి ఎరుకయే. ఐనను విరాటుడు దానిని ఎరుగనట్లే నడువవలెను. లేనిచో నాటకము మొదటి రంగముననే ముగియును. ఆటగాడు వేరొక మార్గమున తెలిసికొన్న రహస్యమును తన పాత్ర తెలివిగా చెలామణి చేయరాదు. ఒక్క మనిషి రెండు పాత్రలను సృష్టించి, ఒకదాని సొత్తు మరియొకదానికి చేరవేయుటయు ఇట్టి దోషమే.

మూడవది మిక్కిలి సున్నితమైనది. ఎవని పాత్రకు వాడే కర్త. 'నేను బాణము వేసితిని' అని వ్రాయు హక్కు నాకు కలదు. 'ఆ బాణము తగిలి నీవు కూలితివి' అని వ్రాయు హక్కు నాకు లేదు. ఆ వాక్యము ఎదుటివాడు వ్రాయవలెను, లేదా ఆట పాచికలు నిర్ణయింపవలెను. క్రూరమైన, శృంగారపరమైన ఘట్టములకు ఎదుటివారి సమ్మతి ముందుగా పొందవలెను. వారు చాలునన్నచో ఆక్షణమే తెర దించవలెను. కొత్తవారికి ఇది చాదస్తముగా తోచును. దీని వెల తెలియుటకు జరిగిన కథ యొకటి చెప్పవలసియున్నది.

అమెరికాయందు పాలో ఆల్టో నగరమున అప్పుడు జెరాక్సు కంపెనీ పరిశోధనశాల యుండెను. అందు పనిచేసిన పావెల్ కర్టిస్ 1990 ప్రాంతమున 'లాంబ్డామూ' అను అక్షరలోకమును నిర్మించెను. పెద్ద యిల్లు, దాని గదులు, తోటలు దాని స్వరూపము. వేలకొలది జనులు అందు చేరిరి. 1993లో మిస్టర్ బంగిల్ అను మారుపేరు గల ఒక ఆటగాడు అందరును కూడు చావడిలో ప్రవేశించి, మంత్రపు బొమ్మ వంటి యొక ఉపాయముతో తక్కిన పాత్రలు తమంత తామే నీచమైన కార్యములు చేయుచున్నట్లు వాక్యములు వ్రాసెను. ఎవరి దేహమునకును గాయము తగులలేదు. ఐనను బాధితులలో ఒకామె ఆ మరునాడు ఖండనము వ్రాయుచున్నపుడు కన్నీరు కార్చినట్లు తెలియవచ్చినది. జూలియన్ డిబెల్ అను పత్రికారచయిత ఈ వృత్తాంతమును ఆ యేటి డిసెంబరులో న్యూయార్కు పత్రిక 'విలేజ్ వాయిస్'లో వ్రాయగా లోకమెల్ల చర్చించినది. మాటలే లోకమైన చోట మాట తగిలినను గాయమగునని అప్పుడు బోధపడినది.

ఇక శిక్ష మాట. ఆట నిర్వాహకులను అచ్చట 'విజార్డులు', అనగా మాంత్రికులు అందురు. దోషిని ఆటనుండి తుడిచివేయుటకు 'కప్పగా మార్చుట' యని వారి పరిభాష. ఇంతకు పూర్వమే, 1992 డిసెంబరులో, తగవులు తీర్చు భారము ఇక తమది కాదనియు, ప్రజలే తీర్చుకొనవలెననియు మాంత్రికులు ప్రకటించియుండిరి. కనుక ఆటగాండ్రు సభ చేసిరి. గంటలకొలది వాదించిరి. నిర్ణయము కుదరలేదు. సభ ముగిసిన పిమ్మట ఒక మాంత్రికుడు తనంత తానే బంగిల్‌ను తుడిచివేసెను. దోషి పోయెను గాని, విచారణ లేక శిక్షించు అధికారము ఎవరిచ్చిరను ప్రశ్న మిగిలెను. కర్టిస్ అంతట అర్జీలు పెట్టుకొని వోట్లు వేయు పద్ధతిని ఏర్పరచెను. అదియు చాలలేదు. సాంకేతికమైన తాళపుచెవులు ఎవరి చేతనున్నవో, వారి నిర్ణయము తగవులనుండి వేరుగా నుండజాలదని తేలినది. 1996లో మాంత్రికులు తమ పూర్వప్రకటనను ఉపసంహరించుకొని, అవసరమైనచోట కలుగజేసికొందుమని చెప్పిరి.

దీనినుండి గ్రహింపదగినది రెండు విధములు. నియమములు లేని స్వేచ్ఛ బలవంతుల స్వేచ్ఛగా మారును. అది బంగిల్ నేర్పిన పాఠము. అధికారులను కట్టివేయని నియమములు వారి చిత్తవృత్తిగా మారును. అది మాంత్రికుడు నేర్పిన పాఠము. కనుక మంచి నియమావళి ఆటగానికి ఏది కూడదో ముందుగా వ్రాసి చూపును. మొదటి తప్పునకు మందలింపు, మరల చేసినచో కొంతకాలము బహిష్కారము, ఘోరమైన దానికి శాశ్వత బహిష్కారము అని క్రమము ఏర్పరచును. చెప్పుకొనుటకు అవకాశ మిచ్చును. నిర్వాహకులు తమ మిత్రుల పాత్రలకు కానుకలీయరాదనియు, రహస్యసంభాషణలను కుతూహలమునకై చదువరాదనియు తమకును గీత గీసికొనును.

మన యువతీయువకులలో ఇట్టి ఆటలయందు ప్రవేశింపగోరువారు పాత్రకు పేరు పెట్టుకొనుటకు ముందే ఆ పుట చదువుట మంచిది. కష్టము కలిగినచో ఎవరితో చెప్పుకొనవలెను? ఇష్టములేని ఘట్టమునుండి తప్పుకొను హక్కు కలదా? నిర్వాహకులకును నియమములు వర్తించునా? ఈ మూడింటికి స్పష్టమైన సమాధానము లేని ఆట యెంత రమ్యమైనదైనను, దానిని విడిచి వేరొకటి వెదకుకొనుటయే మేలు. ప్రవేశించిన పిమ్మట మాత్రము, ప్రతి వాక్యమును టైపు చేయునపుడు, దానిని చదువువాడు పాత్ర కాదనియు, ఎక్కడనో తన గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషియనియు జ్ఞప్తియందుంచుకొనవలెను.