జ్వాలాపురపు బూడిద
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



నంద్యాల జిల్లాలో బనగానపల్లె సమీపమున, జుర్రేరు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. అచ్చటి నేలను త్రవ్వినచో తెల్లని మెత్తని బూడిద పొర కనబడును. కొన్ని తావుల దాని మందము రెండు మీటర్లకు మించినది. అది పొయ్యిలోని బూడిద కాదు. అడవి కాలిన బూడిదయు కాదు. సుమారు 74 వేల సంవత్సరముల క్రిందట, 2,600 కిలోమీటర్ల దూరమున నున్న సుమత్రా ద్వీపములో తోబా అను మహాగ్నిపర్వతము బ్రద్దలైనప్పుడు గాలిలో కొట్టుకొని వచ్చి ఇచ్చట రాలినది. పిమ్మట వాననీరు దానిని మెరకనుండి కడిగి తెచ్చి పల్లమున పేర్చినది.

ఆ పర్వతము బ్రద్దలగుటకు కారణమేమి? సముద్రము అడుగున నున్న భూఫలకము సుమత్రా క్రిందికి మెల్లమెల్లగా చొచ్చుకొని పోవుచున్నది. ఈ సంధియందే 2004 డిసెంబరు 26న భూకంపము సంభవించి, సునామీ మన కోస్తాను తాకినది. లోతునకు దిగిన ఫలకమునుండి వెలువడు నీరు పైనున్న శిలను కరగించును. ఆ శిలాద్రవము వాయువులతో కూడి వేలాది యేండ్లు నేలక్రింద పోగుపడును. ఒత్తిడికి పైకప్పు పగిలినప్పుడు తోబాలో సుమారు 2,800 ఘన కిలోమీటర్ల శిలాద్రవము వెలికి వచ్చినది. 1883 నాటి క్రకటోవా ప్రేలుడుకంటె ఇది వంద రెట్లకు పైబడినది. అడుగు ఖాళీ కాగా పైనేల కుంగిపోయినది. ఆ గుంటయే నేటి తోబా సరస్సు. దాని పొడవు సుమారు 100 కిలోమీటర్లు, వెడల్పు 30 కిలోమీటర్లు. నడుమనున్న సమోసిర్ భూభాగము ఒకప్పుడు సరస్సు అడుగున నుండెడిది. క్రింద మరల చేరిన శిలాద్రవము దానిని పైకెత్తినది.

ఇట్టి పర్వతము మేల్కొనుటకు ముందు గుర్తులు కనబడును. చిన్న చిన్న భూకంపములు హెచ్చును; నేల ఉబ్బును; వాయువులలో మార్పు వచ్చును. కావున శాస్త్రజ్ఞులు భూకంపమాపక యంత్రములను నిలిపి, నేల హెచ్చుతగ్గులను ఉపగ్రహముల సాయమున కొలుచుచుందురు. అయితే ఒక్క గుర్తును చూచి తీర్పు చెప్పరాదు. అమెరికాలోని యెల్లోస్టోన్ మహాగ్నిపర్వతమువద్ద 2004 నుండి 2010 వరకు నేల సుమారు 25 సెంటీమీటర్లు ఉబ్బినది, పిదప తగ్గినది, ప్రేలుడు జరుగలేదు. ఏండ్ల తరబడి వ్రాసి ఉంచిన కొలతలు ఉన్నప్పుడే నేటి మార్పునకు అర్థము తెలియును.

పాత కొలతల పుస్తకము వంటిదే జ్వాలాపురపు బూడిద. అచ్చట త్రవ్వకములు జరిపిన పరిశోధకులు 2007లో తమ ఫలితములను ప్రకటించిరి. బూడిద పొరకు దిగువను, ఎగువను కూడ రాతి పనిముట్లు లభించినవి. అవి దాదాపు ఒకే తీరువి. అంతటి ఉపద్రవము పిమ్మటను ఈ లోయలో మనుష్యులు మనుగడ సాగించిరని వారి అభిప్రాయము. ఆ మనుష్యులెవరను విషయమున పండితులలో నేటికిని చర్చ కలదు.

ఆ చర్చ తేలవలెనన్న పొరలు చెదరక నిలువవలెను. కాని బూడిదను అమ్మకమునకై త్రవ్వుటచే లోయలో గుంతలు ఏర్పడినవి. చెరువు మట్టి మరల వచ్చి చేరును. ఈ పొర మరల రాదు. మన దేశమున ఇతర నదీలోయలలోను ఈ బూడిద కనబడినది. కావున మీ గ్రామములో బావికో, కాలువకో త్రవ్వునప్పుడు తెల్లని బూడిద పొరగాని, చెక్కిన రాళ్లుగాని బయటపడినచో పని కొంత ఆపుడు. వానిని కదల్పక, తహశీల్దారునకును పురావస్తు శాఖకును వెంటనే తెలుపుడు. పొలము గలవారికి దాని విలువ విడమరచి చెప్పుడు. ఈ పని ఊరివారివలననే కాగలదు.