బండి నాడి చూచు ద్వారము

(గ్రామములలో అద్దె కార్లు నడుపుకొను యువకుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈనాడు మన పల్లెలలో కారు విలాసవస్తువు కాదు. అనేక కుటుంబములకు అది రెండెకరముల మాగాణి వంటిది. అప్పు తెచ్చి కొన్న బండి నాలుగు దినములు షెడ్డులో నిలిచినచో ఆ నెల వాయిదా ఎట్లు చెల్లింతుమా అని ఇంటిల్లిపాదియు దిగులుపడవలసి వచ్చును. అందుచేత నేడు మరమ్మతును గూర్చి గాక, మరమ్మతునకు ముందు జరుగవలసిన పరీక్షను గూర్చి చెప్పదలచినాను.

డ్రైవరు ఎదుట ఇంజను బొమ్మ గల పసుపుపచ్చ దీపము వెలిగి ఆరకున్నచో, బండిలోని కంప్యూటరు ఏదో లోపమును కనిపెట్టి జ్ఞాపకముంచుకొన్నదని అర్థము. ఆ వ్రాతను చదువుటకు ఒక ద్వారము కలదు. మెకానిక్కులు దానిని ఓబీడీ పోర్టు అందురు. అమెరికాలో 1996 మోడలు కార్ల నుండి ఇది తప్పనిసరి అయినది. మన దేశమున భారత్ స్టేజి 4 కార్లకు 2013 ఏప్రిల్ 1 నుండి రెండవ దశ ఓబీడీ విధింపబడినది. ఆ స్టేజి దేశమంతటికిని వర్తించినది 2017 ఏప్రిల్‌లో. కావున అంతకు పూర్వపు బండ్లలో ద్వారమున్నను, అంగడిలో దొరకు సామాన్యపు స్కానరుతో అది మాటాడకపోవచ్చును.

ఇది ఎచట నుండును? డ్రైవరు కూర్చుండు వైపున, డ్యాష్‌బోర్డు క్రింద, స్టీరింగు స్తంభమునకు అటునిటు వెదకుడు. కొన్ని బండ్లలో చిన్న ప్లాస్టిక్కు మూత వెనుక గాని, ఫ్యూజుల పెట్టె ప్రక్కన గాని దాగియుండును. తలుపు తీసి, క్రిందకు వంగి, టార్చి వేసి చూడుడు; చేతితో తడుముట వలన లాభము లేదు. ఆకారము చేటను పోలియుండును, ఒక అంచు వెడల్పు, రెండవది కురుచ. రెండు వరుసలలో ఎనిమిదేసి చొప్పున 16 గదులు. అన్నిటిలోను లోహపు పిన్ను ఉండదు. అది లోపము కాదు. ఆ ప్రాంతమున పసుపురంగు తొడుగు గల తీగలు కనబడినచో వాని జోలికి పోవలదు. అవి సాధారణముగా ఎయిర్‌బ్యాగులవి.

ఇక అసలు విషయము. స్కానరు తగిలించినను జవాబు రాలేదు. “కంప్యూటరు పోయినది, మార్చవలె” నని షెడ్డులో చెప్పినారు. ఈ మాటకు తలయూపుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఇంజను స్టార్టయి చక్కగా నడచుచున్నదా? నడచుచున్నచో దానిని నడుపు కంప్యూటరు బ్రతికియే ఉన్నది. ఈ కాలపు ఇంజను కంప్యూటరు లేనిదే కదలదు. మూగపోయినది ద్వారము గాని, స్కానరు గాని కావచ్చును.

మొదట తాళము ఆన్ స్థానమునకు త్రిప్పితిరో లేదో చూడుడు. తాళము త్రిప్పకుండ స్కానరు తగిలించి విసుగుకొనువారు చాలమంది కలరు. తరువాత స్కానరుపై దీపము వెలిగినదా యని చూడవలెను. వెలుగకున్నచో ద్వారమునకు కరెంటు అందుటలేదన్నమాట. అనేక బండ్లలో ఈ ద్వారమునకును, సెల్‌ఫోను చార్జింగు పెట్టుకొను సాకెట్టునకును ఫ్యూజు ఒక్కటే. చౌకరకపు చార్జరు ఒకటి ఆ ఫ్యూజును కాల్చివేసిన, ద్వారము కూడ మూగదగును. ఫ్యూజుల పెట్టె మూతపై గాని, బండితో ఇచ్చిన పుస్తకములో గాని ఏ ఫ్యూజు దేనికో పటము ఉండును. తాళము ఆఫ్ చేసి, కాలినదానిని తీసి, అన్నే ఆంపియర్ల ఫ్యూజు వేయుడు. పెద్దది వేయుటయు, రాగితీగ చుట్టుటయు బండిని అగ్నికి అప్పగించుటయే.

మల్టీమీటరు ఉన్నవారు మరియొక పరీక్ష చేయవచ్చును. వెడల్పు అంచు పైకుండునట్లు చూచిన, పై వరుసలో ఎడమనుండి నాలుగవ గది బండి శరీరమునకు చేరిన ఎర్తు. క్రింది వరుసలో కుడి చివరది, అనగా 16వది, బ్యాటరీ కరెంటు. తాళము ఆఫ్ చేసినను ఈ రెంటి నడుమ సుమారు 12 వోల్టులు చూపవలెను. మీటరు ముల్లును లోనికి బలముగా గ్రుచ్చరాదు. పిన్ను సాగినచో తరువాత ఏ స్కానరును పట్టుకొనదు.

కరెంటు ఉన్నను మాట రాకున్నచో అదే స్కానరును మరియొక బండికి పెట్టి చూడుడు. ద్వారము నుండి జీపీఎస్ పెట్టెకు తీగలు లాగియున్నచో దానిని విడదీసి చూడుడు. ముంపునీటిలో నిలిచిన బండిలో పిన్నులకు పచ్చని చిలుము పట్టును. కళ్ళము ప్రక్కన నిలిపిన బండిలో ఎలుకలు తీగలు కొరుకును. ఇవన్నియు చూచిన పిమ్మటనే కంప్యూటరు మాట ఎత్తవలెను.

స్కానరు మాటాడి సంకేతమిచ్చినను తొందరపడరాదు. పి-0118 అను సంకేతమునే తీసికొనుడు. ఇంజను చల్లదనపు నీటి వేడిని కొలుచు సెన్సారు సర్క్యూటులో వోల్టేజి హెచ్చుగా ఉన్నదని మాత్రమే అది చెప్పును. తీగ తెగినను అదే సంకేతము వచ్చును. ఎలుక కొరికిన తీగను విడిచి సెన్సారును ఎన్నిమార్లు మార్చినను దీపము ఆరదు. సంకేతమును కాగితముపై వ్రాసికొనిన పిదపనే చెరుపనిండు. ఆ దీపము నిలకడగా గాక కొట్టుకొనుచున్నచో ఇంజను మిస్ఫైర్ అగుచున్నదని గ్రహించి వేగము తగ్గించి బండిని ప్రక్కకు నిలుపుడు. కాలని ఇంధనము పొగగొట్టములోని కాటలిటిక్ కన్వర్టరును పాడుచేయును; అది ఖరీదైన భాగము.

పాతబండి కొనువారికి కూడ ఈ ద్వారము అక్కరకు వచ్చును. సంకేతములు చెరిపినపుడు కంప్యూటరు చేసికొను స్వయంపరీక్షలు కూడ చెరిగిపోయి, మరల కొంతదూరము నడచిన తరువాతనే పూర్తియగును. దీపము వెలుగుటలేదు, సంకేతములు లేవు, కాని పరీక్షలన్నియు అసంపూర్ణమని స్కానరు చూపినచో, ఆ జ్ఞాపకమును ఇటీవల ఎవరో చెరిపియుండవచ్చును, లేదా బ్యాటరీ తీసియుండవచ్చును. బండిని నాలుగు దినములు నడిపి మరల చూపుమని అమ్మువానిని అడుగుడు. బయానా అంతవరకు మీ జేబులోనే ఉండనిండు.